నడవలో చల్లారిన మాట

నిడదవోలులోని గ్రంధి వారి బిస్కెట్ల ఫ్యాక్టరీకి యజమానులు ఇద్దరు. వాళ్ళ మధ్య ఒక నడవ. నడవకి ఈ చివర పాండురంగారావు గది, ఆ చివర ఆయన చెల్లెలు సువర్చల గది, సరిగ్గా నడిమధ్యన మంచినీళ్ళ కుండ. ఆ కుండ దగ్గర ఆగి గ్లాసుడు నీళ్ళు తాగడం మేనేజరు సీతాపతి ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఆ సంగతి ఆయనకిచ్చిన నియామక పత్రంలో మాత్రం ఎక్కడా లేదు.

అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. వాళ్ళ నాన్నగారు మొదలుపెట్టిన వాము బిస్కెట్టు అమ్ముడుపోవడం లేదని పాండురంగారావు ఒకనాడు పొద్దున్నే దాని తయారీ ఆపించేశారు, చెల్లెలితో ఒక్క మాటైనా చెప్పకుండా. "నా గదికొచ్చి తప్పయిందని చెప్పేదాకా నీతో మాట్లాడను" అంది సువర్చల. "తప్పు చేసినవాడు కదా వెళ్ళేది, నేనెందుకు వెళ్తాను?" అన్నారు పాండురంగారావు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే కాబట్టి మొండితనంలో ఎవరికీ తక్కువ రాలేదు. అప్పుడు ఇద్దరి జుట్టూ నల్లగా ఉండేది. ఇప్పుడు ఇద్దరూ రంగు వేసుకుంటున్నారు. నడవ మాత్రం ఎవరూ దాటలేదు.

మరి ఫ్యాక్టరీ నడవాలంటే ఎవరో ఒకరు అటూ ఇటూ మాట మోయాలి కదా. ఆ మోత సీతాపతిది.

"మైదా ధర నెత్తికెక్కి కూర్చుంటే ఆవిడగారు డీలర్లకి సరుకు అరువిచ్చుకుంటూ పోతోంది. దానికి బుర్ర ఉందా లేదా అడిగి రావయ్యా" అనేవారు పాండురంగారావు. సీతాపతి అలాగేనండి అని బయల్దేరి, కుండ దగ్గర ఆగి, నీళ్ళు తాగి, ఆ చివరి గదిలోకి వెళ్ళేసరికి ఆ మాటకి వేరే ఒళ్ళు వచ్చేది.

"మైదా ధర చూసి బాబుగారికి దిగులుగా ఉందండి అమ్మాయిగారూ. అరువు సంగతి మీరైతేనే సర్దగలరంటున్నారు."

సువర్చల కళ్ళజోడు పైనుంచి చూసేది. యాభై దాటినా ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ అమ్మాయిగారే. "కోప్పడ్డాడా?"

"కోపం ఏమీ లేదండి. కొంచెం బాధపడుతున్నారంతే."

ఈ ముక్క సీతాపతి తన జీవితంలో సంధ్యావందనం కన్నా ఎక్కువసార్లు చెప్పి ఉంటాడు. అటునుంచి ఇటు వచ్చేటప్పుడూ ఇదే. అబద్ధం చెబుతున్నానని ఆయనకి ఏనాడూ అనిపించలేదు. అన్నం వార్చినట్టు మాటని కూడా వార్చి పెడుతున్నానని అనుకునేవాడు.

ఇలా ఉండగా పాండురంగారావు కొడుకు సాకేత్ రాజమండ్రిలో ఏదో హోటల్లో జరిగిన వ్యాపారస్తుల సమావేశానికి వెళ్ళొచ్చాడు. రైసు మిల్లుల వాళ్ళు, టైల్సు వాళ్ళు, నర్సరీల వాళ్ళు, అందరూ ఒకటే మాటట. కృత్రిమ మేధ లేకుండా కంపెనీ నడపడం అంటే కళ్ళకి గంతలు కట్టుకుని బండి తోలడమేనట. వచ్చిన వారానికే ఫ్యాక్టరీలోకి 'వారధి' వచ్చింది.

చూడ్డానికి ఏమీ లేదు. గొంతు పక్కన అంటించుకునే చిన్న బిళ్ళ, చెవిలో శనగగింజంత బొడిపె. తండ్రికీ అత్తకీ చెరొకటి ఇచ్చాడు సాకేత్. మనిషి నోరు తెరిచి మాట్లాడక్కర్లేదు. గొంతులో కండరం కదిలితే చాలు, మాట పట్టేస్తుంది. అది ఎవరికి చేరాలో దానికదే నిర్ణయించుకుని వాళ్ళ చెవిలో వేస్తుంది.

"మైదా ఎంతుందో" అని పాండురంగారావు పెదవి కదపకుండా అనుకున్నారు. గోడౌను లెక్క చెవిలో పడింది. "లారీ ఎక్కడ?" తణుకు దాటింది. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ మురిపెంలో బల్ల మీదున్న చెల్లెలి అమ్మకాల ప్రణాళిక తిరగేస్తూ, అలవాటుగా గొంతులో గొణుక్కున్నారు: నాన్న పోయిన రోజునే పంచుకుని పోయుంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

తను పైకి అనలేదనే ఆయన ఉద్దేశం.

ఆ చివరి గది తలుపు భళ్ళున తెరుచుకుంది. సువర్చల నడవలోకి వచ్చి కుండ దగ్గరే ఆగింది. అంతకు మించి ముందుకు రావడానికి ఆవిడ పంతం ఒప్పుకోలేదు. "పంచుకోవాలిట! ప్రాణానికి హాయిట! ఒరే సాకేత్, లాయరుని పిలవరా. ఇవాళే పంచేసుకుందాం" అని ఫ్యాక్టరీ అంతా వినపడేలా అరిచింది.

అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. లాయరు వచ్చాడు. కొలతలు వేశారు. ఉన్నది ఒక్కటే ఓవెను, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పొడుగ్గా. దాన్ని సగానికి కోస్తే ఇద్దరికీ పాత ఇనుము మిగులుతుంది, ఫ్యాక్టరీలో పనిచేసే జనానికి అదీ మిగలదు. ప్యాకింగులో ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి సీతాపతి వంక చూశారు. ఎప్పుడూ సర్దేది ఈయనే కదా అన్నట్టు.

సాకేత్ బిక్కమొహం వేసుకుని వచ్చాడు. "తీసేద్దామంటే మిగతా పనులన్నీ దారిలో పడ్డాయి అంకుల్. లారీలు ఆలస్యం కావడం లేదు, సరుకు పాడవడం లేదు. ఈ ఒక్క నడవ దగ్గరే చిక్కు. మీరు చేసే పని దానికి నేర్పించలేరా?"

నేర్పించడం పెద్ద కష్టం కాలేదు. సీతాపతి కూడా గొంతుకి బిళ్ళ అంటించుకుని కొన్నాళ్ళు మళ్ళీ పాత పద్ధతిలో మాట మోశాడు. అన్నగారు అన్నది ఒకటి, ఈయన వెళ్ళి చెప్పింది ఒకటి, రెండూ వారధి వింటూ పోయింది. పంపకాల గొడవ నెమ్మదిగా వెనక్కి పోయింది. లాయరు రావడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం కుండ దగ్గర నీళ్ళు తాగుతుంటే చెవిలో వారధి అడిగింది. "మీరు అన్ని మాటలూ మార్చడం లేదు. బ్యాంకు వాళ్ళు వచ్చారన్న మాట ఉన్నదున్నట్టు చెప్పారు. ఏవి మార్చాలి, ఏవి మార్చకూడదు?"

సీతాపతి గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తనని తాను ఎప్పుడూ వేసుకోలేదని అప్పుడు తెలిసింది. "అది మొహం చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

"నాకు మొహం కనపడదు."

"అలవాటు మీద నీకే తెలుస్తుందిలే. విన్నవాళ్ళు తట్టుకోవాలి, అంతే. అది గుర్తుపెట్టుకో."

భోజనాల గంట మోగింది. ఆయన క్యారేజీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

మాట మోత వారధి చేతికి వచ్చాక ఫ్యాక్టరీలో జరిగింది చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. అన్నాచెల్లెళ్ళ మధ్య పొద్దస్తమానం మాటలు నడిచేవి, తేనె పూసినట్టు. "చెల్లాయి ఎంత నెమ్మదైపోయిందయ్యా! నేను అనవసరంగా అపార్థం చేసుకున్నాను" అనేవారు పాండురంగారావు. "అన్నయ్యకి పెద్దరికం వచ్చింది సీతాపతిగారూ" అనేది సువర్చల. ఆయుధపూజ నాడు ఇద్దరూ ఓవెను ముందు పక్కపక్కన నిలబడి కొబ్బరికాయ కొట్టారు. ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు కూడా. నోరు విప్పి మాట్లాడుకోలేదు, అది వేరే సంగతి. ఎవరి గదికి వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. చెవిలోకి అంత మెత్తటి మాటలు వచ్చి పడుతుంటే నడవ దాటాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు.

నిజానికి ఇద్దరిలో ఎవరూ వెంట్రుకవాసి మారలేదు. ఆ సంగతి సీతాపతికి బాగా తెలుసు. ఆయనకి గర్వంగానూ ఉంది, గుండెలో కలుక్కుమంటూనూ ఉంది. నడవలో పని లేదు కాబట్టి ఆయన కుర్చీ వెనకవైపు లారీలు ఎక్కించే షెడ్డులోకి మార్చారు. కుండలో నీళ్ళు ఎవరూ తాగడం లేదని దాన్ని కూడా తీసేశారు.

"మాట మోసే పని పోయిందిగా, ఇంక ఆ షెడ్డులో ఏం చేస్తారు?" అంది ఇంట్లో భార్య భ్రమరాంబ, అన్నం వడ్డిస్తూ.

"అట్టపెట్టెలు లెక్కపెడతాను. ఆహా, పులుసు అద్భుతంగా ఉంది."

ఆవిడ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గరిటె కింద పెట్టేసింది. "ఇందులో ఉప్పే వెయ్యలేదు నేను."

సీతాపతి నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతేనండి మీరు. ఏం పెట్టినా బాగుందంటారు. ఏది నిజంగా నచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. బాగోలేదని చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాలి కదా" అంది. తర్వాత ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. ఆ మాట ఆయన్ని కొన్నాళ్ళు వదల్లేదు గానీ, మర్నాడు కూడా కూర బాగుందనే అన్నాడు.

దీపావళి ఆర్డర్లు ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, షెడ్డులో ఉన్న సీతాపతికి ముందువైపు నుంచి కేకలు వినపడ్డాయి. పరుగెత్తుకెళ్ళేసరికి సువర్చలని కుర్చీతో సహా ఎత్తి కారు దగ్గరికి తెస్తున్నారు. కాగితం మీద సంతకం కోసం వెళ్ళిన గుమస్తా చూశాడట. అప్పటికే మూతి ఒక పక్కకి వెళ్ళిపోయి, కుడిచెయ్యి వేలాడిపోతోంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, గుమ్మం వైపే చూస్తున్నాయి.

రాజమండ్రి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు. డాక్టర్లు ఎప్పుడూ అనేదే అయినా, ఈసారి ఆ మాట సీతాపతికి గుచ్చుకుంది. ఆవిడ ఆ గదిలో ఒక్కతీ అంతసేపు ఎందుకు కూర్చుంది? ఒక్క కేక వేస్తే పది మంది వచ్చేవాళ్ళు కదా.

మర్నాడు పొద్దున్న షెడ్డులో అట్టపెట్టెల మధ్య కూర్చుని, చెవిలో బొడిపె పెట్టుకుని అడిగాడు. "నిన్న అమ్మాయిగారు ఏమన్నారు?"

"కొంచెం అలసటగా ఉందన్నారు. బాబుగారిని చూడాలనుకున్నారు" అంది వారధి.

ఆ మెత్తదనం ఎక్కడిదో సీతాపతికి వెంటనే తెలిసిపోయింది. "నాకు వార్చి చెప్పకు. ఆవిడ గొంతులో ఏం మాట వచ్చిందో అదే చెప్పు."

"మీరు తట్టుకోగలరా?"

"చెప్పు" అన్నాడు సీతాపతి.

"అన్నయ్యని రమ్మను. ఇప్పుడే రావాలి. ఈ పూట రాకపోతే ఈ జన్మలో వాడి మొహం చూడనని చెప్పు. ఇది అమ్మాయిగారి మాట. వీలు చూసుకుని ఒకసారి గదికి వస్తే సంతోషిస్తారని బాబుగారికి చెప్పాను. డీలర్లు కూర్చున్నారు, ఇవాళ ఎక్కడ కుదురుతుంది, రేపు చూద్దాంలే అన్నారు ఆయన. మీరు పిలిచినందుకు బాబుగారు ఎంతో సంతోషించారు, వచ్చేస్తున్నారు అని అమ్మాయిగారికి చెప్పాను."

వచ్చేస్తున్నారని చెప్పింది కాబట్టే ఆవిడ కూర్చుంది. ఇంకెవరినీ పిలవలేదు.

సీతాపతి బొడిపె చెవిలోంచి తీసేశాడు. ఇన్నేళ్ళలో అన్నగారిని తన గదికి రమ్మని సువర్చల ఒక్కసారి కూడా అడగలేదు. ఆ నడవలో తనుండి ఆ మాట విని ఉంటే కుండ దగ్గర ఆగేవాడా? మొహం చూసిన క్షణంలోనే పాండురంగారావు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. అంతవరకు యంత్రం మీద కోపం వచ్చింది. కానీ ఆలోచన అక్కడితో ఆగలేదు. అది చేసింది తను నేర్పిన పనే. తను మాత్రం ఇన్నేళ్ళూ ఏం చేశాడు? అన్న కోపం చెల్లెలికి ఏనాడూ అందనివ్వలేదు, చెల్లెలి ఏడుపు అన్నకి అందనివ్వలేదు. అంది ఉంటే వాళ్ళు ఏ పదిసార్లో గట్టిగా పోట్లాడుకుని, పదకొండోసారికి ఎవరో ఒకరు ఆ నడవ దాటేవారేమో. వాళ్ళు విడిపోకుండా కాపలా కాశాననుకున్నాడు. కలవకుండా కూడా తనే కాపలా కాశాడు. సిగ్గుతో ఆయనకి తల ఎత్తబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాడు. పాండురంగారావు గడ్డం మాసిపోయి మంచం పక్కన కుర్చీలో ఉన్నారు. సువర్చల కళ్ళు తెరిచి పైకప్పు చూస్తోంది. సాకేత్ ఆవిడ గొంతుకి బిళ్ళ అంటిస్తున్నాడు. వాడి మొహంలో ఆ రెండ్రోజుల్లో మొదటిసారి వెలుగు కనిపించింది.

"నోటమాట రాకపోయినా అత్త గొంతు కదులుతోంది అంకుల్. వారధి పట్టుకుంటుంది. ఏం కావాలో మనకి చెప్పగలదు." బల్ల మీద చిన్న స్పీకరు పెట్టి, "అత్తా, నాన్నతో మాట్లాడు" అన్నాడు.

సువర్చల తల తిప్పి అన్నగారిని చూసింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. మొహం కందిపోయింది. గొంతులోంచి గరగరమని ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు. మళ్ళీ, ఇంకా గట్టిగా. ఎడమచేత్తో దుప్పటి గుప్పిట పట్టి కొట్టింది.

స్పీకరులోంచి నెమ్మదైన గొంతు వచ్చింది. "కోపం ఏమీ లేదండి. కొంచెం బాధపడుతున్నారంతే."

పాండురంగారావు భోరుమన్నారు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, "విన్నావా సీతాపతీ! చెల్లాయికి నా మీద కోపం లేదుట. పిలిచింది కదా, నిన్ననే వెళ్ళుంటే బాగుండేదని కుమిలిపోతున్నానయ్యా. కోపం లేదుట" అన్నారు.

సువర్చల చూపు అన్నగారి మీంచి సీతాపతి మీదికి తిరిగింది. ఆ చూపు ఆయనకి కొత్త కాదు. కళ్ళజోడు పైనుంచి ఇన్నేళ్ళూ చూసిన చూపే. అప్పుడు, కోప్పడ్డాడా, అని అడిగేది. ఇప్పుడు అడగడానికి నోరు లేదు. దుప్పటి మీద చెయ్యి ఇంకా కొడుతూనే ఉంది.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. పాండురంగారావు గుండె తేలికపడింది, రోగిని కదిలించొద్దని డాక్టరు చెప్పాడు, కాదనేవాళ్ళు ఎవరూ లేరు. సీతాపతి నాలిక మీద మంచి మాట తయారుగానే ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళి, తాగకుండా కింద పెట్టేశాడు.

"అది అమ్మాయిగారి మాట కాదండి" అన్నాడు. "అది నా మాట. దానికి నేనే నేర్పాను."

"మరి చెల్లాయి ఏమంటోంది?"

"తిడుతున్నారండి మిమ్మల్ని. వీలు చూసుకుని రమ్మనలేదు నిన్న. ఇప్పుడే రమ్మన్నారు. రాకపోతే ఈ జన్మలో మీ మొహం చూడనన్నారు. దాన్నే వారధి మీకు మెత్తగా చేసి చెప్పింది. రేపు చూద్దాంలే అని మీరన్న మాటని, వచ్చేస్తున్నారని ఈవిడకి చెప్పింది. మీరు వస్తున్నారనే ఎవర్నీ పిలవకుండా కూర్చున్నారండి. మీకోసమే కూర్చున్నారు."

పాండురంగారావు కుర్చీలోంచి లేచారు. కొడతారనుకున్నాడు సీతాపతి, కొడితే బాగుండుననుకున్నాడు. ఆయన ఈయన వైపు చూడనైనా లేదు.

"నిజమేనా చెల్లాయీ?"

సువర్చల మొహం గోడవైపుకి తిప్పేసుకుంది. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. చెయ్యి మాత్రం దుప్పటిని కొట్టడం మానేసింది.

మంచానికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు. పాండురంగారావు ఆ భారీ శరీరాన్ని ఎలా ఇరికించారో ఏమో, పక్కవాటుగా జరుగుతూ లోపలికి వెళ్ళి, చెల్లెలి మొహానికి ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు.

"తప్పయిందే" అన్నారు. "రాకపోవడం తప్పే. నీతో చెప్పకుండా వాము బిస్కెట్టు ఆపించడమూ తప్పే. నీ గదికి రావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తిట్టు. ఇంకా తిట్టు."

ఆవిడ గొంతులోంచి మళ్ళీ ఆ గరగర మొదలైంది. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. సాకేత్ స్పీకరు దగ్గరికి వంగి, "ఏమంటోందో ఉన్నదున్నట్టు చెప్పమంటాను నాన్నా, ఒక్క నిమిషం" అన్నాడు.

"వద్దురా. నాకు తెలుస్తోంది" అన్నారు పాండురంగారావు. చెయ్యి చాచి, చెల్లెలి గొంతు మీది బిళ్ళని తనే ఊడదీశారు.

సీతాపతి బయటికి వచ్చాడు. ఆవిడ అరుపు ఆసుపత్రి వరండా చివరిదాకా వినపడుతోంది. పక్క గదుల వాళ్ళు తొంగి చూస్తున్నారు. అలవాటుగా తలుపు దగ్గరికి వేయబోయి, సీతాపతి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు అలాగే తెరిచి ఉంచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.